వంటింటి పొయ్యి

వంటింటి పొయ్యి అనగా వండే పాత్ర అడుగుకు వేడిని అందించే గృహోపకరణం. ఇంధనాన్ని బట్టి, ఆ వేడి పాత్రను చేరే పద్ధతిని బట్టి పొయ్యిలు అనేక రకాలు. కట్టెల పొయ్యి, కుంపటి, పొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు ఈ కుటుంబంలో పాతతరానివి. నేడు కొత్త ఇల్లు కట్టుకునేవారికి, పాత వంటింటిని మార్పించుకునేవారికి సాధారణంగా ఎదురయ్యేవి అయిదు: గట్టుమీద పెట్టే గ్యాసు పొయ్యి, గట్టులోకి దించి బిగించే గ్యాసు పొయ్యి (దుకాణాలలో దీనిని హాబ్ అంటారు), తీగచుట్ట కరెంటు పొయ్యి, ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి, ఇండక్షన్ పొయ్యి.

ఈ ఎంపికలో చాలామంది ముందుగా చూసేది పైనున్న గాజుపలక తళుకు, ఆపైన ధర. అయితే గట్టుకు ఒకసారి కోత పడిన తరువాత, తీగలు గోడలో పూడ్చిన తరువాత పొరపాటును దిద్దుకోవడం శ్రమతోనూ ఖర్చుతోనూ కూడిన పని. కనుక దుకాణానికి వెళ్ళేముందే ఇంటిలో ఉన్న గిన్నెల అడుగులను, వంటింటికి వచ్చే విద్యుత్తును, గాలి వచ్చిపోయే మార్గాన్ని పరిశీలించుకోవాలి.

నేపథ్యం

తెలుగునాట తరతరాలుగా వంట కట్టెల పొయ్యి మీదనే సాగింది. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి తవ్వి వందలమందికి వండేవారు. గుండ్రని అడుగు గల మూకుళ్ళు, కుండలు, ఇత్తడి గిన్నెలు, రాచ్చిప్పలు ఈ పొయ్యికి తగినట్లుగా రూపొందినవే. మంట పాత్ర అడుగునే కాక చుట్టూ ఎగబాకుతుంది కాబట్టి అడుగు చదునుగా ఉండవలసిన అవసరం లేకపోయింది. ఈ చిన్న విషయం నేటి పొయ్యిల ఎంపికలో ఎంత ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

ఇండేన్ పేరుతో ఎల్.పి.జి. సరఫరా 1965లో కలకత్తాలో మొదలయింది. ఆ తరువాత చాలాకాలం గ్యాసు కనెక్షను పట్టణ మధ్యతరగతి ఇళ్ళకే పరిమితమై, దానికోసం ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ఉజ్జ్వల పథకం పేద కుటుంబాల స్త్రీలకు కనెక్షన్లు ఇచ్చాయి. 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ ద్వారా హైదరాబాదు, విజయవాడ, కాకినాడలలో గొట్టపు గ్యాసు (పి.ఎన్.జి.) ఇళ్ళకు చేరింది.

గ్యాసు పొయ్యి

జర్మను రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బున్సెన్ 1855 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చిన బర్నరు సూత్రమే నేటి గ్యాసు పొయ్యికీ ఆధారం. సన్నని రంధ్రం గల జెట్ నుండి గ్యాసు వేగంగా వెలువడుతూ పక్కనున్న గాలిని తనతో లాక్కుపోతుంది. రెండూ గొట్టంలో కలిసి బర్నరు కన్నాల వద్ద మండుతాయి. గాలి చాలినంత కలిస్తే మంట నీలంగా ఉంటుంది. గాలి తగ్గినా, కన్నాలు పూడుకున్నా మంట పసుపు రంగుకు తిరిగి గిన్నెలకు మసి పడుతుంది. మసి గిన్నెలు తోమేవారికి కష్టం అనుకుంటే సరిపోదు. గ్యాసు పూర్తిగా మండనప్పుడు విషవాయువైన కార్బన్ మోనాక్సైడు కూడా వెలువడుతుంది.

ఎల్.పి.జి. గృహ పొయ్యిలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4246. దీని ప్రకారం పొయ్యి ఉష్ణసామర్థ్యం కనీసం 68 శాతం ఉండాలి. అంటే మండిన గ్యాసులోని వేడిలో మూడింట రెండు వంతులకు పైగా పాత్రకు చేరాలన్నమాట. ఇది పరీక్షాశాల లెక్క. చిన్న గిన్నె కింద పెద్ద మంట పెట్టి అంచుల వెంట సెగ పోనిచ్చే ఇంటిలో ఈ అంకె ఎప్పుడూ రాదు. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తును చూడటం తప్పనిసరి.

గట్టుమీది పొయ్యికా, హాబ్‌కా ఓటు వేయాలన్నది తరచుగా వచ్చే ప్రశ్న. గట్టుమీది పొయ్యిని ఎత్తి కింద తుడుచుకోవచ్చు, అద్దె ఇల్లు మారితే తీసుకుపోవచ్చు, చెడిపోతే వీధి చివరి మరమ్మత్తుదారు బాగుచేయగలడు. దీనివల్ల గట్టు ఎత్తుకు మరో నాలుగైదు అంగుళాలు చేరుతుంది. పొట్టివారికి పెద్ద గిన్నెలో గరిటె తిప్పడం భుజాల నొప్పిగా పరిణమిస్తుంది. హాబ్ అయితే గట్టుతో దాదాపు సమంగా ఉంటుంది, చూపుకు శుభ్రంగా కనిపిస్తుంది. అయితే ఒక్కొక్క తయారీదారు కొలత ఒక్కొక్క విధం. పదేళ్ళ తరువాత అదే కొలతతో మరొకటి దొరకకపోతే గ్రానైటును మళ్ళీ కోయించాలి, లేదా పలకనే మార్చాలి. కాబట్టి అద్దె ఇళ్ళవారికి హాబ్ తగదు. సొంత ఇంటివారు కూడా పొయ్యి కొని చేతిలో పెట్టుకున్న తరువాతనే గట్టుకు కోత వేయించాలి. పుస్తకంలోని కొలత చూసి ముందే కోయించిన ఇళ్ళలో అర అంగుళం సందు జీవితాంతం మిగిలిపోతూ ఉంటుంది.

కొన్ని హాబ్‌లు మంటకు కావలసిన గాలిని గట్టు కింది అలమర నుండి పీల్చుకుంటాయి. అలమర తలుపులు బిగుతుగా మూసి ఉంటే మంట పసుపుగా మారుతుంది. ఆ అలమరలోనే సిలిండరు పెట్టే అలవాటు ఉన్నచోట నేలకు సమీపంలో గాలి కన్నాలు తప్పక ఉండాలి. ఎల్.పి.జి. గాలికంటే బరువు, కారితే నేలను పట్టుకుని పేరుకుంటుంది.

మంట ఆరితే గ్యాసును ఆపే ఏర్పాటు హాబ్‌లలో కొన్నింటికి, గట్టుమీది పొయ్యిలలో బహుకొద్దింటికి ఉంటుంది. మంట పక్కన ఉండే చిన్న ఉష్ణయుగ్మం వేడెక్కినప్పుడు స్వల్పమైన విద్యుత్తును పుట్టించి, ఒక విద్యుదయస్కాంతం ద్వారా గ్యాసు కవాటాన్ని తెరచి ఉంచుతుంది. పాలు పొంగి మంట ఆరితే ఆ యుగ్మం చల్లబడుతుంది, కొద్ది క్షణాలలో కవాటం మూసుకుంటుంది. దీనికి బయటి కరెంటు అక్కరలేదు. మతిమరుపు గల వృద్ధులు ఒంటరిగా వండుకునే ఇంటిలో మూడవ బర్నరుకు, నాలుగవ బర్నరుకు పెట్టే డబ్బును ఈ ఏర్పాటుకు పెట్టడం మేలు.

గాజుపలక సంగతి. గ్యాసు పొయ్యిల మీద వాడేది సాధారణంగా గట్టిపరచిన గాజు. ఇది మామూలు గాజు కంటే బలమైనదే కానీ, అంచున దెబ్బ తగిలినా, వేడి ఒకేచోట మితిమీరినా ఒక్కసారిగా చిన్నచిన్న ముక్కలుగా పగులుతుంది. దించిన వేడి మూకుడును పలక మీద పెట్టడం, రెండు బర్నర్లను కప్పేంత వెడల్పాటి గిన్నెను ఎక్కించడం, వేడి పలకను తడిగుడ్డతో తుడవడం మానుకోవాలి. పండుగలకు, తద్దినాలకు పెద్ద గిన్నెలు ఎక్కించే ఇళ్ళలో స్టీలు పలక గల పొయ్యి అందంగా లేకపోయినా నిశ్చింతగా ఉంటుంది.

సిలిండరు నుండి గొట్టపు గ్యాసుకు మారేవారు పొయ్యిలోని జెట్‌లను మార్పించుకోవాలి. ఒకే ఘనపరిమాణంలో సహజవాయువు ఇచ్చే వేడి ఎల్.పి.జి. ఇచ్చేదానిలో సగం కూడా ఉండదు కనుక దానికి పెద్ద రంధ్రం కావాలి. పెద్ద రంధ్రం గల జెట్‌లతో మళ్ళీ సిలిండరు వాడితే మంట అదుపు తప్పి లేస్తుంది.

తీగచుట్ట పొయ్యి, ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి

1906లో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన నికెల్, క్రోమియం మిశ్రలోహమే నిక్రోమ్. ఈ తీగను మట్టిపలక గాళ్ళలో చుట్టగా అమర్చిన పొయ్యి విద్యార్థుల గదులలో సుపరిచితం. చవక. కానీ కరెంటు ప్రవహించే తీగ బయటకు తెరచి ఉంటుంది. గిన్నె తీగకు తగిలినా, చారు పొంగి పడినా షాకు కొట్టే అవకాశం ఉంది. ఇంటివంటకు దీనిని ఎంచుకోవడానికి తగిన కారణం ఏదీ లేదు.

ఇన్‌ఫ్రారెడ్ పొయ్యిలో ఇటువంటి తీగే గాజు పింగాణీ పలక కింద దాగి ఉండి ఎర్రగా కాలుతుంది. ఈ పలక వేడికి దాదాపుగా వ్యాకోచించదు. జర్మనీకి చెందిన షాట్ సంస్థ 1971లో ఇటువంటి పలకలను పొయ్యిలకోసం ప్రవేశపెట్టింది. అడుగు చదునుగా ఉన్న ఏ లోహపు గిన్నె అయినా దీనిమీద పనికివస్తుంది. స్విచ్చి ఆపిన తరువాత కూడా పలక చాలాసేపు కాలుతూనే ఉంటుంది కనుక పిల్లలున్న ఇంటిలో జాగ్రత్త వహించాలి.

ఇండక్షన్ పొయ్యి

ఇండక్షన్ పొయ్యిలో పొయ్యి వేడెక్కదు, గిన్నె వేడెక్కుతుంది. పలక కింద ఉన్న రాగితీగ చుట్టలో సెకనుకు ఇరవై వేలకు పైగా సార్లు దిశ మారే విద్యుత్తు ప్రవహించి, అదే వేగంతో మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం గిన్నె అడుగులో సుడి ప్రవాహాలను రేపుతుంది, ఆ ప్రవాహాలకు లోహం చూపే నిరోధం వల్ల అడుగు కాలుతుంది. పొయ్యిలో నిలవ ఉండే వేడి తక్కువ కనుక పాలు పొంగుతున్నప్పుడు మీట నొక్కితే పొంగు వెంటనే దిగిపోతుంది. వంటిల్లు కూడా అంతగా వేడెక్కదు. బెజవాడ ఎండాకాలంలో వండేవారికి ఇది చిన్న లాభం కాదు.

ఈ పొయ్యికి అయస్కాంతం అతుక్కునే అడుగు కావాలి. అల్యూమినియం, ఇత్తడి, రాగి, మట్టి, రాచ్చిప్ప పనికిరావు. స్టీలు గిన్నెలలో కూడా కొన్నిటికే అయస్కాంతం అతుక్కుంటుంది. కొనదలచినవారు ఒక చిన్న అయస్కాంతం చేతపట్టుకుని తమ వంటింటి గిన్నెలన్నిటినీ ఒకసారి పరీక్షించుకోవాలి. సగటు తెలుగు ఇంటిలో అల్యూమినియం కుక్కరు, ఇడ్లీ పాత్ర, మూకుడు ఈ పరీక్షలో తప్పుతాయి. వీటిని మార్చడానికి అయ్యే ఖర్చును పొయ్యి ధరకు కలిపి చూసుకోవాలి. ఇనుప పెనం పనికివస్తుంది కానీ చిన్న పొయ్యిలలో తీగచుట్ట వెడల్పు తక్కువ. పెసరట్టు నడుమ మాడి అంచులు పచ్చిగా మిగలడానికి కారణం అదే. ఇక నిప్పుమీద నేరుగా చేసే పనులు, అనగా పచ్చడికి వంకాయ కాల్చడం, పుల్కా పొంగించడం, అప్పడం కాల్చడం దీనిమీద సాధ్యం కావు.

2,000 వాట్ల పొయ్యి 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. దీనిని 6 ఆంపియర్ల సాకెట్టుకు తగిలించకూడదు. 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన మందం గల తీగ, సరైన ఎర్తింగు ఉండాలి. కరిగిన ప్లగ్గులు, మాడిన సాకెట్లు చాలావరకు ఈ నియమాన్ని తప్పినందువల్ల కలిగేవే. ఇళ్ళలో వాడే మామూలు ఇన్వర్టరు ఈ పొయ్యిని మోయలేదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్నవారు దీనికి రెండడుగుల దూరం పాటించాలని, వైద్యుని సంప్రదించాలని చెబుతారు.

ఖర్చు లెక్క

కిలో ఎల్.పి.జి. మండితే సుమారు 46 మెగాజౌళ్ళ వేడి వస్తుంది. 14.2 కిలోల సిలిండరులో సుమారు 653 మెగాజౌళ్ళు ఉంటాయి. 68 శాతం సామర్థ్యం లెక్కన గిన్నెకు చేరేది 444 మెగాజౌళ్ళు, అనగా 123 యూనిట్ల విద్యుత్తుకు సమానం. ఇండక్షన్ పొయ్యి సామర్థ్యాన్ని 85 శాతంగా తీసుకుంటే అదే వంటకు సుమారు 145 యూనిట్లు కావాలి. కాబట్టి యూనిట్ ధరను 145తో హెచ్చవేసి సిలిండరు ధరతో పోల్చుకుంటే ఏది చవకో తెలుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన రాష్ట్రాలలో విద్యుత్ ధర వాడకంతోపాటు మెట్లుగా పెరుగుతుంది. వంటకోసం అదనంగా వాడే యూనిట్లు బిల్లులోని ఆఖరి మెట్టు ధరకు పడతాయే గాని సగటు ధరకు కాదు. లెక్కలో వాడవలసినది ఆ ఆఖరి మెట్టు ధర. ఎండాకాలంలో ఏ.సి. వాడే ఇంటికి, ఏ.సి. లేని ఇంటికి జవాబు వేరువేరుగా రావచ్చు.

గాలి, భద్రత

తాలింపు పొగ ఏ పొయ్యి మీదనైనా వస్తుంది. గ్యాసు మంట దానికి తోడు నైట్రోజన్ డయాక్సైడును కూడా చేరుస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే కిటికీగాని, గాలిని బయటకు తోసే పంకాగాని లేని వంటింటిలో గ్యాసు పొయ్యి కంటే విద్యుత్ పొయ్యి మంచిది. అయితే కిటికీ సరిగ్గా పొయ్యి వెనుక ఉంటే గాలికి మంట ఆరుతుంది.

గ్యాసుకు సహజంగా వాసన ఉండదు. కారితే తెలియడానికి మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. ఆ వాసన వస్తే ఏ స్విచ్చినీ వేయరాదు, ఆపరాదు. రెగ్యులేటరు మూసి, తలుపులు తెరచి, బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్ళకొకసారి మార్చాలి. సిలిండరును ఎల్లప్పుడూ నిలబెట్టి, పొయ్యి కంటే తక్కువ ఎత్తులో ఉంచాలి.

కలిపి వాడడం

రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి పక్కన ఒక ఇండక్షన్ పొయ్యి పెట్టుకునే పద్ధతి చాలా ఇళ్ళకు అనుకూలమైనది. పాలు, కాఫీ నీళ్ళు, పప్పు కుక్కరు వంటివి ఇండక్షన్ మీద, మూకుడు పనులు, కాల్చే పనులు గ్యాసు మీద సాగుతాయి. సిలిండరు అయిపోయిన రాత్రి ఒకటి, కరెంటు పోయిన పూట మరొకటి ఆదుకుంటాయి.

అమెరికాలోని తెలుగువారి అపార్టుమెంట్లలో పొయ్యి ఎంపిక సాధారణంగా యజమానిదే. అక్కడ తీగచుట్ట పొయ్యి లేదా గాజు పింగాణీ పొయ్యి ఉన్నచోట మూకుడు నిలవదు, చదును అడుగు బాణలి కొనుక్కోవలసిందే. తాలింపు పొగను తిరిగి గదిలోకే వదిలే పంకా ఉంటే ఎండుమిర్చి వేయగానే పొగ హెచ్చరిక గంట మోగడం అక్కడివారికి నిత్యానుభవం. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు పొయ్యితోపాటు ఆ పంకా గొట్టం బయటకు తెరుచుకుంటుందో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి.