ఊరు దర్యాలో కలిసింది, పేరు మిగిలింది

సైబీరియా అనగానే మన ఇళ్లలో పిల్లలకు గుర్తొచ్చేది మంచు, లేకపోతే ఖైదీలు. చిన్నప్పుడు నాకూ అంతే. మా ఉర్దూ మీడియం బడిలో జుగ్రాఫియా మాస్టర్ సాబ్ గోడ మీది నక్షాలో ఓబ్ నదిని బెత్తంతో చూపించి, "ఇది ఉల్టా దర్యా, ఉత్తరానికి పోతుంది" అనేవారు. ఆ నీళ్ల దగ్గరే ఒక ముస్లిం హుకూమత్ ఉండేదని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత.

ఓబ్ ఆల్తాయ్ కొండల్లో పుడుతుంది. 3,650 కిలోమీటర్లు ప్రవహించి ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో కలుస్తుంది. దాని పెద్ద ఉపనది ఇర్తిష్. ఇది చైనాలో పుట్టి, కజకిస్తాన్ దాటి వస్తుంది. ఇంకా చిన్నాపెద్దా ఉపనదులన్నీ కలిపితే పరీవాహక ప్రాంతం దాదాపు 30 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ముల్క్ కంటే కొంచెమే తక్కువ!

ఉల్టా ప్రవాహంతో ఒక ముసీబత్ ఉంది. బహార్‌లో ముందు దక్షిణాన, అంటే ఎగువన మంచు కరుగుతుంది. దిగువన దర్యా ఇంకా గడ్డకట్టే ఉంటుంది. పోవడానికి దారి లేక నీళ్లు మైదానం మీద పడతాయి. నేల చదునుగా ఉండడంతో అడవులూ చిత్తడి నేలలూ నెలల తరబడి మునిగే ఉంటాయి. అలాంటి చోట సడకులు వేసేదెవరు? దర్యాలే రాస్తాలు.

ఇర్తిష్ ఒడ్డున ఇస్కెర్ అనే పట్నం ఉండేది. దాని ఇంకో పేరు సిబిర్. 1563లో అక్కడ తఖ్తు ఎక్కిన కూచుం ఖాన్, దీన్ నేర్పడానికి బుఖారా నుంచి ఆలిములను రప్పించాడు. అక్కడి తాతార్లలో ఇస్లాం వేళ్లూనడంలో ఆ జమానాకు పెద్ద హిస్సా ఉంది.

1582లో యెర్మాక్ అనే కొసాక్ సర్దార్ తుపాకులతో వచ్చాడు. ఉరల్ కొండలు దాటాక తగిల్, తురా, తొబోల్ నదుల మీదుగా పడవల్లో ఇర్తిష్ చేరాడు. ఇవన్నీ ఓబ్ కుటుంబం నదులే. ఖాన్ రాజ్యాన్ని పోషించిన నీళ్లే దుష్మన్‌కూ దారి ఇచ్చాయి. ఇస్కెర్ పోయింది. మూడేళ్లకు యెర్మాక్ కూడా ఇర్తిష్‌లోనే మునిగి చనిపోయాడంటారు. కూచుం మాత్రం లొంగలేదు. 1598లో ఓబ్ దగ్గర ఇర్మెన్ వద్ద ఆఖరి జంగ్‌లో ఓడిపోయాడు. ఆయన ఖాందాన్‌లో చాలామందిని ఖైదు చేసి మాస్కో పంపారు.

ఇస్కెర్ ఉన్న గట్టును ఇర్తిష్ ఏటేటా కోసేసింది. ఇప్పుడు దాదాపు ఏమీ లేదు. ఇర్మెన్ మైదానం నోవోసిబిర్స్క్ జలాశయం కింద ఉంది. ఆ సల్తనత్‌కు మొదటి నిషానీ, చివరి నిషానీ రెండూ నీళ్లలోనే. కానీ సిబిర్ అనే ఆ పేరే పసిఫిక్ దాకా పాకి సైబీరియా అయింది. గెలిచినవాళ్లూ ఆ పేరుతోనే పిలవాల్సి వచ్చింది. తొబోల్స్క్, త్యుమెన్ వైపు సైబీరియా తాతార్లు ఈనాటికీ ఉన్నారు, నమాజ్ చదువుతున్నారు.

ఈసారి పిల్లలతో అట్లాస్ ముందు కూర్చున్నప్పుడు, ఇర్తిష్ మీద తొబోల్స్క్ ఎక్కడుందో వెతకమనండి. ఇస్కెర్ దానికి కాస్త ఎగువన ఉండేదని చెప్పండి.