ఫుట్‌బాల్ అభిమానులు, క్లబ్ లెక్కలు

దక్షిణాదిలో ఫుట్‌బాల్ అభిమాని క్లబ్ జమాఖర్చుల గురించి ఆరా తీయడం ఇటీవలి పరిణామమే. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన కాలంలో ఆటగాడు పోలీసు ఉద్యోగి. జీతం సర్కారుది. జట్టు దివాలా తీస్తుందన్న బెంగ ప్రేక్షకుడికి ఉండేది కాదు. కోయంబత్తూరులోనూ ఆటలకు మిల్లు యజమానులు, ధర్మసంస్థలు అండగా నిలిచేవి. తెలుగు నాయుడు కుటుంబం 1926లో నెలకొల్పిన పీఎస్‌జీ ధర్మసంస్థ పేరు అక్కడి బాస్కెట్‌బాల్ ట్రోఫీకి నేటికీ ఉంది.

ప్రైవేటు క్లబ్బులు వచ్చాక ఆ నిశ్చింత పోయింది.

చెన్నై సిటీ ఎఫ్‌సీ పేరుకే చెన్నైది. దాని సొంత మైదానంగా ఉండేది వ.ఉ.సి. పార్కు పక్కనున్న కోయంబత్తూరు నెహ్రూ స్టేడియం. 2019 మార్చి 9న అక్కడ ప్రత్యర్థి జట్టు మినర్వా పంజాబ్, ఆట మొదలైన కాసేపటికే గోల్ కొట్టి జనాన్ని నిశ్శబ్దం చేసింది. రెండో సగంలో చెన్నై సిటీ ఆటగాడు పెడ్రో మాంజీ పెనాల్టీతో స్కోరు సమం చేశాడు. ఆపై గోల్స్ ఆపాల్సిన డిఫెండర్ గౌరవ్ బోరాయే రెండు కొట్టాడు. 3-1. ఈస్ట్ బెంగాల్ కన్నా ఒక్క పాయింటు ఎక్కువతో ఐ-లీగ్ టైటిల్ కోవైకి (కోయంబత్తూరుకు) దక్కింది. అదే ఏడాది స్విట్జర్లాండ్ క్లబ్ బాసెల్ 26 శాతం వాటా తీసుకుంది. ఇక ఢోకా లేదనుకున్నారు. 2021–22 లీగ్ నాటికి ఆ జట్టే లేదు. గెలుపు వేరు, నిలకడ వేరు అని కోవై అభిమానికి అలా తెలిసివచ్చింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఇంకా బాధాకరం. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టు, 2023–24లో జీతాల బకాయిలతో కుదేలైంది. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధించింది. విదేశీయుల్లో దాదాపు అందరూ వెళ్లిపోగా ఎక్కువగా కుర్రాళ్లే బరిలో దిగారు. 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. అయినా అభిమానుల కోపం ఓడిన కుర్రాళ్ల మీదికి పోలేదు, యాజమాన్యం మీదికి మళ్లింది.

ఇంగ్లండ్‌లో దీనికి భిన్నంగా జరిగింది. ఖర్చు నిబంధనలు మీరినందుకు 2023 నవంబరులో ఎవర్టన్ క్లబ్బుకు 10 పాయింట్లు కోత పెడితే, దాని అభిమానులు క్లబ్బును కాక లీగ్‌నే తిట్టిపోశారు. అప్పీలుపై కోత 6కు తగ్గింది. సొంత క్లబ్బునే నిలదీసిన హైదరాబాద్ పద్ధతే మేలైనది. కానీ అది క్లబ్బును నిలబెట్టలేకపోయింది: చేతులు మారిన ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది.