మేరీ డిలానీ కాగితపు పూదోట

పత్రచ్ఛేద్యము మన పూర్వులకు క్రొత్త విద్య కాదు. బాణభట్టు కాదంబరిలో చంద్రాపీడుడు నేర్చిన కళలను చెప్పుచు దీనినిగూడ పేర్కొనెను. ఆకులను కత్తిరించి ఆకృతులు కల్పించు నేర్పు అది. అట్టి నేర్పుతో ఆంగ్లదేశమున నొక వృద్ధస్త్రీ కాగితమున పూలు పూయించిన వృత్తాంతమే నేటి ప్రసంగ విషయము.

ఆమె పేరు మేరీ డిలానీ. 1700వ సంవత్సరమున జన్మించినది. పదియేండ్ల ప్రాయమున, లండనునకు క్రొత్తగా వచ్చిన జర్మను సంగీత విద్వాంసుడు హాండెలు తన మేనత్త యింట వాద్యము వాయింపగా వినెను. ఆయన లేచినంతనే తానును ఆ వాద్యము ముందు కూర్చుండెనట. ఆ మైత్రి తరువాత బహుకాలము నిలిచినది.

1718లో, పదునేడేండ్ల బాలికను బంధువులు అరువదేండ్లకు సమీపించిన త్రాగుబోతున కిచ్చి పెండ్లి చేసిరి. కొలది సంవత్సరములకే ఆమె విధవ యయ్యెను. 1743లో తానై వరించినవాడు పేట్రిక్ డిలానీ, గలివరు కథ వ్రాసిన స్విఫ్టునకు మిత్రుడు, ఐర్లండున మతాచార్యుడు. మరుసటి యేట ఆమె మిల్టను మహాకవి స్వర్గభ్రష్టకావ్యమును హాండెలు కొరకు గేయనాటకముగ కూర్చెను. ఆయన దానికి స్వరములు కట్టలేదు.

1768లో రెండవ భర్తయు గతించెను. ఆ దుఃఖమున ఆమెకు పోర్టులండు ప్రభ్వి గృహము ఆశ్రయమైనది. 1772లో, డెబ్బదిరెండేండ్ల వయసున, అచ్చట జెరేనియము పూరేకును, అదే వన్నెగల యెఱ్ఱ కాగితపు ముక్కను చూచి, కత్తెర పట్టి కాగితముతో పూవును కల్పించెను. ప్రభ్వి దానిని నిజమైన పూవే యనుకొనెను.

అది మొదలు పని సాగినది. పూవు నెదుట నుంచుకొని, ముందుగా గీతలు గీయక, వందలకొలది రంగు కాగితపు తునకలను కత్తిరించి, నలుపు పూసిన కాగితముపై అంటించును. నీడలకు నీటిరంగు వాడును. ఒక్కొక్కచో నిజమైన ఆకునే అతికించును. ప్రతి పటమునకును శాస్త్రీయనామము, తేదీ వ్రాసెడిది. ఓషధిశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్సు వాని యథార్థతను మెచ్చెను. వేయి పటములు చేయవలెనని సంకల్పము. 1782లో చూపు మందగించునప్పటికి 985 పూర్తియైనవి. ఆమె 1788లో దివంగత యయ్యెను. 1897లో ఆ సంపుటములు బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి.

స్వరమునకు నోచుకొనని ఆ స్వర్గవనమే యిరువది యెనిమిదేండ్లకు నల్లని కాగితముపై వికసించెనని నాకు తోచును. ఇది భావనయే కాని చరిత్ర కాదు. కాని చెవిని శ్రుతికి, కంటిని కావ్యమునకు జీవితమంతయు అలవరచుకొన్న స్త్రీ, ముదిమిలో చేతికి దొరికిన కాగితపు ముక్కను వ్యర్థము కానీయలేదనుట చరిత్రయే.

ఈ వయసున నేర్వనివాడు ఇంకెప్పుడు నేర్చునని బడిలో ఎందరు బాలురనో మందలించితిని. నా కిప్పుడు అరువది దాటినవి. ఆ పటములను తలచినప్పుడెల్ల, ఆ మాట తప్పని ఒప్పుకొనవలసివచ్చుచున్నది.