సీటీ మెడలో, మోత చెవిలో

రాత్రి పది దాటితే మా నారపల్లిలో వరంగల్ రోడ్డు మీది లారీల చప్పుడు తప్ప ఏదీ వినపడదు. నా కుడి చెవిలో మాత్రం అప్పుడే కచేరీ మొదలవుతుంది. గుయ్యిమని, సన్నగా, తెగకుండా. పన్నెండేళ్లుగా ఇదే వరస. చలికాలంలో కూడా మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. దాని చప్పుడు లేందే నాకు నిద్ర పట్టదు.

నేను పీఈటీని. ముప్పయ్యొక్క ఏళ్లు ఉప్పల్, నాచారం వైపు బళ్లలో పిల్లల్ని ఆడించి రిటైరయ్యాను. దారిలో కనపడే పాత పిల్లలకి నా పేరు గుర్తుండదు. "సీటీ సార్" అంటారు.

ఆ సీటీ పుట్టిల్లు బర్మింగ్‌హాం. 1884లో అక్కడ జోసెఫ్ హడ్సన్ 'ఆక్మే థండరర్' తయారుచేశాడు. లోపల శనగ గింజంత బెండు ఉండ. ఊదితే అది గిరగిరా తిరిగి, మోత వణుకుతూ గ్రౌండు ఆ చివరికి పోతుంది. సరిగ్గా రెండేళ్లకి, 1886లో, గ్లాస్గోలో థామస్ బార్ అనే డాక్టరు బాయిలర్లు చేసే వంద మంది కార్మికుల చెవులు పరీక్షించి, సుత్తి మోతకి వినికిడి ఎలా పోతుందో రాశాడు. ఫ్యాక్టరీ మోత సంగతి లోకానికి అలా తెలిసింది. గ్రౌండు మోత గురించి ఎవరూ అనుకోలేదు. 1987లో కెనడా రిఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ ఉండ లేని 'ఫాక్స్ 40' తెచ్చాడు. దాని మోత 115 డెసిబెల్స్. అంత గట్టిగా మోగడమే దాని గొప్ప.

హైదరాబాదులో మా వృత్తికి పెద్దదిక్కు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనా మొదట బడిపంతులే. సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకి 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిపించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశ జట్టుని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు. ఆయన కథలు వింటూనే మేం ఈ పనిలోకి వచ్చాం. ట్రైనింగులో మోకాలికి కట్టు కట్టడం, బెణికిన మడమకి ఐసు పెట్టడం నేర్పారు. చెవి మాట ఒక్కరూ ఎత్తలేదు.

నా చెవి పోయింది సీటీ ఒక్కదానితోనే కాదు. ఒకసారి మండల పోటీల్లో వంద మీటర్ల పరుగుకి స్టార్టర్ని నేనే. పిస్తోలు పైకెత్తాల్సింది, తొందరలో చెవి పక్కనే పేల్చాను. పిల్లలు పరిగెత్తారు. గట్టు మీద జనం నోళ్లు కదులుతున్నాయి గానీ అరుపు వినపడలేదు. సాయంత్రానికి గుయ్యిమనడం మొదలైంది. తెల్లారితే పోతుందిలే అనుకున్నా.

పోలేదు. చివరికి చెవి చూపించుకోడానికి వెళ్తే, డాక్టరమ్మ వినికిడి కొలిచి ఆడియోగ్రామ్ కాగితం ముందు పెట్టింది. గీత బాగానే నడిచి 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడింది. మోత దెబ్బకి ముందు పోయేది అక్కడే. లోపలి చెవిలో సన్న వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, చస్తే మళ్లీ మొలవవు. సుశ్రుతుడు ఇరవై ఎనిమిది చెవి రోగాల్లో ఈ గుయ్యిమనడాన్నీ చేర్చి కర్ణనాదం అన్నాడని తర్వాత తెలిసింది. మా ఆవిడ వెల్లుల్లి కాచిన నూనె పోస్తానంటే డాక్టరమ్మ వద్దే వద్దంది.

ఆమె చెప్పిన లెక్క ఒకటి మరిచిపోలేను. 85 డెసిబెల్స్ మోతని చెవి రోజుకి ఎనిమిది గంటలు ఓర్చుకుంటుంది. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైము సగానికి పడిపోతుంది. చెవి దగ్గర 115 ఉంటే మిగిలేది 28 సెకన్లు. అరసెకను చొప్పున ఊదితే యాభై ఆరు ఈలలు. మేం ఒక పూట ఖోఖో ఆడిస్తే అయిపోతాయి.

ఇప్పుడు ఉప్పల్ స్టేడియంలో మ్యాచికి వెళ్లినా జేబులో మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్గులుంటాయి. నలిపి సన్నగా చేసి, చెవి పైకి లాగి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి.

మొన్న పొద్దున దగ్గర్లోని గ్రౌండులో కొత్త పీఈటీ అమ్మాయికి ఒక జత ఇచ్చాను. "పిల్లలు పిలిస్తే వినపడదేమో సార్" అంది.

"వినపడుతుందమ్మా. తగ్గుతుందంతే."

పెట్టుకుంది. సీటీ ఊదబోయి ఆగి, రెండు చేతులతో చప్పట్లు కొట్టింది. పిల్లలు వరసలోకి వచ్చేశారు.

ఒకటి మిగిలింది, యాభై ఆరులో.