పత్తి తూచిన శనివారం

ఉట్నూరు నుంచి జైనూరు వైపు పోతూ మధ్యలో దిగి, పత్తి చేన్ల నడుమ మట్టి బాట పట్టండి. నవంబరు నెల, మంచు ఇంకా విడలేదు. రెండు గదులు, ఒక వరండా, ముందర బోరింగు. అదే బడి. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ ఒక్కరే సారు. నెలలో నాలుగో శనివారం కాబట్టి పుస్తకాల సంచి తేనక్కర్లేదు. పిల్లల చేతుల్లో గుడ్డ మూటలున్నాయి. ఇంట్లో అడిగి తెచ్చిన పత్తి అది.

వరండా దూలానికి కర్ర వేలాడదీశారు. కర్రకు చెరో కొసన వెదురు సిబ్బి కట్టారు. కిరాణా దుకాణంలో అడిగి తెచ్చిన తూకం రాళ్ళు కింద ఉన్నాయి. ముందు ఖాళీ సిబ్బులు సమంగా నిలవాలి. నిలవడం లేదు. ఎడమది బరువు. ఐదో తరగతి పిల్ల ఒకతి కుడి సిబ్బిలో చింతగింజలు ఒక్కొక్కటే వేస్తోంది. మీ చెయ్యి కూడా ముందుకు పోతుంది, ఆపుకోండి. సారు కూడా చేతులు కట్టుకునే నిలబడ్డాడు.

సమమైంది. ఒక పక్క 200 గ్రాముల రాయి, ఇంకో పక్క పత్తి.

"ఆకు ముక్కలు ఏరుండ్రి బిడ్డా, మార్కెట్ల గూడ గదే అడుగుతరు" అంటున్నాడు సారు. ఆయనది జమ్మికుంట వైపు. పత్తి యార్డు పక్కనే పెరిగిన మనిషి. తూచిన పత్తిని పరదా మీద ఎండలో పలచగా పరిచారు.

అది ఎండే లోపు గదిలోకి రండి. చిన్న తరగతుల పిల్లలు ఒక్కో పత్తికాయ విప్పి గింజలు తీస్తున్నారు. దూది వేళ్ళకు అంటుకుని గింజ ఒక పట్టాన రాదు. పక్కనున్న రెండో తరగతి పిల్ల లెక్క వినండి: ఉంది, రండ్, మూండ్, నాలుంగ్... ఇంటి గోండీలో లెక్కపెట్టి, పలక మీద 27 అని వేసింది. సారు ఆపలేదు. ఇక్కడికి దగ్గర్లోని మార్లవాయిలోనే 1943లో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించి, గోండీ వాచకాలు తయారు చేయించాడు. ఇంటి భాషలో మొదలైన లెక్క బడి లెక్కకు అడ్డం కాదని ఈ కొండలకు ఎప్పుడో తెలుసు.

పెద్దపిల్లలు దూది, గింజ విడివిడిగా తూచారు. 60 గ్రాముల్లో దూది 20, గింజ 40. "దూది గింతేనా!" అన్నాడొకడు. నాన్న బండికెత్తే బోరెంలో మూడింట రెండొంతులు గింజేనని వాడికి ఇప్పుడే తెలిసింది.

నేల మీద సుద్దముక్కతో పత్తి పోయే దారి గీస్తున్నారు. ఊరు, ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూర్ దగ్గర పెద్ద రోడ్డు, ఆదిలాబాద్ మార్కెట్. ఇంద్రవెల్లి దగ్గర ఎవరూ చెప్పకుండానే అమరవీరుల స్తూపం గీశారు. తెలుగు నోటుబుక్కులో ఇంటి పెద్దలు చెప్పిన మాటలున్నాయి. మునుపు ఈ చేన్లలో జొన్న ఉండేదని ఒకళ్ళ అవ్వ చెప్పిందట.

ఇదీ ప్రాజెక్టు పనే. పట్నాల్లో ప్రాజెక్టు పని అంటే చాలా ఇళ్ళలో జెరాక్స్ షాపుకు పోయి బొమ్మలు కొని, రాత్రి పదింటికి అమ్మ అంటించే చార్టు. దానికీ మార్కులు పడతాయి. ఆ చార్టులో పిల్లకు తెలియని విషయం ఏముందో, అది పిల్లకు కొత్తగా ఏం చూపించిందో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

అన్నాలయ్యాయి. మూడు గంటలకు పరదా మీది పత్తి మళ్ళీ సిబ్బిలోకి చేరింది. పత్తి పైకి లేచింది!

"ఎవరన్న తీసిండ్రా?" ఒకరి జేబులు ఒకరు వెతుక్కుంటున్నారు. కాపలా ఉన్న పిల్లాడు ఒట్టు పెట్టుకున్నాడు. రాళ్ళు మారుస్తూ పోతే 185 దగ్గర కుదిరింది. కాసేపటికి వెనక నుంచి: "నీళ్ళు పోయినయ్ సార్. పొద్దుగాల మంచు పట్టి ఉండె."

200 గ్రాములకు 15 పోతే క్వింటాలుకు? ఏడున్నర కిలోలు. అప్పుడు మాట్లాడాడు సారు. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది తేమ 8 శాతం లోపుంటేనే. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే ప్రభుత్వ కొనుగోలు సంస్థ సీసీఐ కొననే కొనదు. మిషన్ పెట్టి తేమ చూస్తారని, నాన్నలు ఆ రోజు ఇంటికి కోపంగా వస్తారని పిల్లలకు ముందే తెలుసు.

ఒకడు లేచాడు. "సార్, అయితే ఎండబెట్టుడెందుకు? తడితోనే అమ్మితే బరువు ఎక్కువ తూగుతది గదా."

సారు తిట్టలేదు. సుద్దముక్క చేతికిచ్చాడు. 8 శాతం తేమున్న క్వింటాలు పత్తికి నాలుగు కిలోల నీళ్ళు కలిస్తే 104 కిలోలు. తేమ ఇంచుమించు 12 శాతం. కోత 324 రూపాయల 40 పైసలు. మిగిలిన ధర 7,785 రూపాయల 60 పైసలు. దాన్ని 104 కిలోలకు కట్టాలి. గుణకారం బోర్డు చివరిదాకా పాకింది.

8,097.

"ఎండబెట్టినదానికంటె పదమూడు తక్కువ" అంది చింతగింజల పిల్ల. వాడు నమ్మలేదు. బోర్డు తుడిచి మొదటి నుంచి మళ్ళీ వేస్తున్నాడు. ఈసారి రెండు కిలోల నీళ్ళతో.