మంచం కోళ్ల పక్కన ఇంకో సూర్యుడు

ఒరేయ్, ఇంకాస్త కందికంప వెయ్యి, మంట పడిపోతోంది. చిన్నదాని కాళ్ల మీద దుప్పటి కప్పు. ఇప్పుడు అందరూ వెనక్కి వాలి నడినెత్తిన చూడండి. నలుచదరంగా నాలుగు చుక్కలు, మధ్యలో ఖాళీ. దొరికిందా? మా నాయనమ్మ దాన్ని నాలుగు కోళ్ల మంచం అనేది. పడమటి కోళ్లు రెండూ పూర్వాభాద్ర, తూర్పు కోళ్లు రెండూ ఉత్తరాభాద్ర. రోజూ పంచాంగంలో చదివే నక్షత్రాలే. యూరప్ వాళ్లకి అక్కడే రెక్కల గుర్రం కనపడింది, పెగాసస్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ పూర్వాభాద్ర కోళ్లకి ఇంచుమించు నడిమధ్యన, ఓ పిసరు పడమటికి జరిగి, నలుసంత చుక్క ఒకటి ఉంది. టౌన్లో అయితే కనపడదు. పేరు 51 పెగాసీ. మన సూర్యుడి లాంటిదే, కొంచెం పెద్దది, కొంచెం ముసలిది. ఈ రాత్రి దాని ముచ్చట చెబుతా.

వినాయకుడు పాలు తాగిన ఏడు అంటారే, ఆ ఏడు సంగతి ఇది. 1995 సెప్టెంబరు 21. గుడి ముందు గ్లాసులు పట్టుకుని ఊరు ఊరంతా బారులు తీరింది. మీ నాయనమ్మ కూడా ఇత్తడి చెంబు తీసుకుని వెళ్లింది. సరిగ్గా పదిహేను రోజులకి, అక్టోబరు 6న, ఇటలీలో ఫ్లోరెన్స్ అనే ఊళ్లో ఒక సభలో మిషెల్ మయోర్ అనే స్విట్జర్లాండ్ ఆయన లేచి, తనూ తన శిష్యుడు డిడియే కెలో కలిసి ఆ చుక్క చుట్టూ తిరిగే గ్రహాన్ని కనిపెట్టామని చెప్పాడు. సూర్యుడి లాంటి ఇంకో నక్షత్రానికి గ్రహం ఉందని గట్టిగా తేలడం అదే మొదలు.

గ్రహాన్ని చూశారా అని అడుగుతావేమో. చూడలేదు. పోయిన సంక్రాంతికి నువ్వూ మీ అక్కా వాకిట్లో ఒప్పులకుప్ప తిరిగారు, జ్ఞాపకం ఉందా? చేతులు పట్టుకుని, వెనక్కి వాలి, గిరగిరా. నువ్వేమో వాకిలంతా చుట్టేశావు. అక్క బరువు కదా, ఉన్నచోటే ఉన్నట్టు కనపడింది. కానీ ఆట అయ్యాక నేను మట్టిలో చూశాను. అక్క పాదాలు కూడా జానెడు చుట్టు గీశాయి. చీకట్లో నువ్వు కనపడకపోయినా, ఆ జాడ చూసి అవతల ఎవరో చెయ్యి పట్టుకుని తిరుగుతున్నారని చెప్పేయొచ్చు. వాళ్లు చూసింది ఆ జానెడు చుట్టునే.

దానికి ఫ్రాన్స్‌లో ఓట్-ప్రొవాన్స్ అనే చోట 1.93 మీటర్ల అద్దం ఉన్న టెలిస్కోపు వాడారు. దానికి ఎలోడీ అనే పరికరం తగిలించారు. అది చుక్క వెలుగుని ఇంద్రధనుస్సులా పరుస్తుంది. ఆ రంగుల్లో వేల నల్లగీతలు ఉంటాయి. చుక్క మన వైపు వస్తుంటే గీతలన్నీ నీలం వైపుకి, వెనక్కి పోతుంటే ఎరుపు వైపుకి జరుగుతాయి. ఆ జరగడం ఎంతనుకున్నారు? కోటి పాళ్లలో రెండు పాళ్లు. అంతలో నుంచే చుక్క సెకనుకు అరవై మీటర్ల లోపు వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతోందని లెక్క తీశారు.

ఆ కుర్రాడు కెలో అవస్థ తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది. ఇంకా చదువు పూర్తి కాలేదు. గురువు హవాయిలో ఉన్నాడు. చుక్క ఊగుతోంది, అదీ నాలుగు రోజులకో ఊపు! పరికరంలోనో తన లెక్కలోనో తప్పుందని భయపడిపోయాడు. మళ్లీ మళ్లీ చేశాడు. అదే వచ్చింది. ఇంతలో 1995 మార్చిలో ఆ చుక్క సూర్యుడి వెనక్కి పోయింది. జూలైలో మళ్లీ కనపడేదాకా ఆగారు. ఈ రాత్రి వేగం ఇంత ఉండాలి అని ముందే రాసి పెట్టుకుని అప్పుడు చూశారు. రాసుకున్నట్టే వచ్చింది.

నాలుగు రోజులు అంటే అంత భయం దేనికంటారా? పుష్కరం అంటే ఏమిటి? గురుగ్రహం సూర్యుణ్ణి ఒక చుట్టు చుట్టొచ్చే కాలం, ఇంచుమించు పన్నెండేళ్లు. 1992లో కృష్ణా పుష్కరాలకి మీ నాన్నని భుజాన ఎక్కించుకుని విజయవాడ తీసుకెళ్లాను. పెద్ద గ్రహం అంటే దూరాన, తాపీగా, పుష్కరానికోసారి తిరిగేదే. బళ్లో నేను ముప్పయ్యేళ్లు చెప్పిన పాఠం అదే. కాలిఫోర్నియాలో జెఫ్ మార్సీ, పాల్ బట్లర్ కూడా 1987 నుంచీ అలాంటి గ్రహం కోసమే పుష్కరాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. ఫ్లోరెన్స్ కబురు వినగానే నాలుగు రాత్రులు ఆ చుక్కని చూసి, నిజమేనన్నారు. తర్వాత తమ దగ్గర మూలుగుతున్న పాత లెక్కలు తీసి చూస్తే, కొద్ది నెలల్లోనే ఇంకో రెండు గ్రహాలు బయటపడ్డాయి. 1952లోనే ఒట్టో స్ట్రూవే అనే ఆయన, పెద్ద గ్రహాలు నక్షత్రాన్ని అంటిపెట్టుకుని తిరగకూడదని ఏముంది, వెతకండి అని రాశాడు. ఎవరూ చెవిన పెట్టలేదు.

ఆ గ్రహం బరువు మన గురుడిలో దాదాపు సగం. తన సూర్యుడికి 80 లక్షల కిలోమీటర్ల దూరంలోనే తిరుగుతుంది. మనమేమో 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాం. అక్కడ వేడి వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఏడాది ఎంతంటే, మనకి భోగి నుంచి ముక్కనుమ దాకా, అంతే. ఎక్కడో దూరంగా పుట్టి తర్వాత లోపలికి జరిగి ఉంటుందంటారు.

మయోర్‌కీ కెలోకీ 2019లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు పరాయి సూర్యుళ్ల చుట్టూ దొరికిన లోకాలు ఆరువేలు దాటాయి. నాకు మాత్రం ఈ ఒక్కదాని మీదే మమకారం. నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకడు 1995లోనే హైదరాబాద్ నుంచి ఇన్‌లాండ్ కవర్ మీద ఈ సంగతంతా రాసి, కింద నాలుగు కోళ్లూ గీసి, పక్కన చిన్న చుక్క పెట్టాడు. ఆ డిసెంబరులో చేని కాపలాకి పోయి, ఆ కాగితం పట్టుకుని మంచె మీద పడుకుని వెతికాను. దొరికింది. అది యాభై కాంతి సంవత్సరాల దూరం. ఆ రాత్రి నా కంట్లో పడిన వెలుగు అక్కడ బయలుదేరేనాటికి మనకి స్వాతంత్ర్యం రాలేదు, నేను పుట్టలేదు. ఇవాళ పడుతున్న వెలుగు, మీ నాయనమ్మ ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజుల్లో బయలుదేరింది.

ఇప్పుడు నా కళ్లకి ఆనదు. చిన్నదానా, నువ్వు చూడు. మంటకి వీపు పెట్టి కూర్చో. పడమటి కోళ్లు రెండూ పట్టుకో. సూటిగా చూడకు, చూపు కాస్త పక్కకి పెట్టు, అప్పుడు తేలుతుంది. ఒరేయ్, ఇంక కంప వెయ్యకు. మంట తగ్గనీ.