కుక్క మోకాలు నేర్పిన పాఠం

"ఆపరేషన్ మంచిగైంది. నెల రోజులు కట్టేసి ఉంచుండ్రి."

కాలు విరిగిన కుక్కను పశువుల దవాఖానకు తీసుకుపోయినవాళ్లు వినే మాట ఇది. మాటలో తప్పేమీ లేదు. ప్లేటు వేసి స్క్రూలు బిగించిన ఎముక అతుక్కోవాలంటే కుక్క దూకకూడదు, మెట్లెక్కకూడదు, పిల్లి వెంట పడకూడదు. చిక్కంతా ఆ సలహా అక్కడితో ఆగిపోవడంలోనే ఉంది. నెల తిరిగాక ఎక్స్‌రే తీస్తే ఎముక చక్కగా అతుక్కుంటూ ఉంటుంది. గొలుసు విప్పితే మాత్రం కుక్క ఆ కాలు ఎత్తిపట్టుకుని మూడు కాళ్ల మీద గెంతుతుంది. తొడ తడిమి చూడండి, కండ కరిగిపోయి చేతికి ఎముక తగులుతుంది. మోకాలు పూర్తిగా ముడుచుకోదు, పూర్తిగా చాపుకోదు. ఇంటివాళ్లు ఆపరేషన్ ఫెయిలైందనుకుంటారు. డాక్టరేమో ఎక్స్‌రే చూపించి అంతా బాగానే ఉందంటారు. ఇద్దరి మాటా నిజంలాగే కనిపిస్తుంది.

కుక్కల ఫిజియోథెరపీ అతికిన ఎముకకూ వాడని కాలికీ మధ్య ఉన్న ఈ ఖాళీలోంచి పుట్టింది. అది నేరుగా కుక్క దగ్గరికి రాలేదు. గుర్రాల దగ్గర మొదలై, ప్రయోగశాల కుక్కల మీదుగా మనుషుల మోకాళ్లకు చేరి, చాలా ఆలస్యంగా ఇంటి కుక్క దాకా వచ్చింది.

జంతువుల ఒళ్లు పట్టడం మనకు కొత్త కాదు. ఏనుగుల వైద్యానికి పాలకాప్యుడి పేరిట, గుర్రాల వైద్యానికి శాలిహోత్రుడి పేరిట శాస్త్రాలే ఉన్నాయి. 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుడి దగ్గర పుచ్చుకుపోయిన కప్పంలో ఏనుగులూ గుర్రాలూ ఉన్నాయంటే వాటి విలువ ఎంతో తెలుస్తుంది. యుద్ధానికో సవారీకో పనికొచ్చే జంతువుకు ఆలనాపాలనా ఉండేది. కుక్కకు ఆ యోగం పట్టలేదు. ఐనవోలు మల్లన్నగా మనం కొలిచే మైలారుదేవుడి వెంట కుక్క ఉంటుంది గానీ, ఆ కుక్క కుంటితే ఎవరేం చేశారో నేనైతే ఏ కథలోనూ వినలేదు.

కొత్తకాలపు కథ కూడా గుర్రంతోనే మొదలైంది, అదీ ఒక దొరగారి గుర్రంతో. 1930ల చివర్లో బ్రిటన్‌లో చార్లెస్ స్ట్రాంగ్ అనే ఫిజియోథెరపిస్టు ఉండేవాడు. దెబ్బతిన్న కండరానికి చిన్నపాటి కరెంటు తగిలించి, అది ముడుచుకుని విచ్చుకునేలా చేయడం అతని పద్ధతి. దానికి ఫారడిక్ చికిత్స అని పేరు. అతని రోగుల్లో లార్డ్ మౌంట్‌బాటన్ ఒకడు. తరువాత మనకు ఆఖరి వైస్రాయ్‌గా వచ్చింది ఆయనే. పోలో పిచ్చి ఉన్న మౌంట్‌బాటన్, తనకు పనిచేసిన వైద్యాన్ని తన పోలో గుర్రాలకూ చేసి చూడమన్నాడు. స్ట్రాంగ్ చేశాడు, గుర్రాలు తేరుకున్నాయి. జీవితంలో పెద్ద భాగం ఆ పనిలోనే గడిపి 1967లో గుర్రాల గాయాల మీద పుస్తకం కూడా రాశాడు. మనిషికి వైద్యం చేసేవాడు గీత దాటి జంతువు వైపు వచ్చింది అలాగే. దాటించింది మాత్రం శాస్త్రం కాదు, పోలో గుర్రం మీద పెట్టిన డబ్బు.

కుక్కల్లో ఆ భాగ్యం ముందుగా గ్రేహౌండ్లకు దక్కింది. వరంగల్‌లో గ్రేహౌండ్స్ అంటే 1989లో పుట్టిన పోలీసు దళమే గుర్తొస్తుంది గానీ, ఇవి అసలు కుక్కలు. 1926లో మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో ఎలక్ట్రిక్ కుందేలు వెంట వీటిని పరుగెత్తించే పందేలు మొదలయ్యాయి. పందెం కుక్కకు కండరం పట్టేస్తే యజమానికి నష్టం, అందుకే దాన్ని రుద్దేవాళ్లు దొరికారు. మామూలు కుక్కకు గొలుసే గతి.

అసలు మలుపు 1970లలో వచ్చింది. ఆ భాగం చదువుతుంటే మనసు కాస్త చివుక్కుమంటుంది.

మనుషుల మోకాళ్ల గుజ్జు ఎందుకు అరుగుతుందో తెలుసుకోవాలని డాక్టర్లు కుక్కలను ఎంచుకున్నారు. 1973లో పాండ్, నూకి అనే పరిశోధకులు కుక్క మోకాలి లోపలి ముందు లిగమెంటును తెంచి, కీలు ఎలా పాడవుతుందో గమనించారు. ఆ పద్ధతికి వాళ్ల పేర్లే స్థిరపడ్డాయి. లాబ్రడార్లు, రాట్‌వీలర్లు ఆడుతూ ఆడుతూ తమంతట తాము తెంచుకునే లిగమెంటు కూడా అదే. తరువాత అమెరికాలోని ఇండియానాలో పాల్మోస్కి, బ్రాంట్ బృందం ఇంకో ప్రశ్న వేసుకుంది. ఏ జబ్బూ లేని మోకాలిని ఊరికే కదలకుండా ఉంచితే ఏమవుతుంది? ఆరోగ్యంగా ఉన్న కుక్క కాలికి పిండికట్టు వేసి కొన్ని వారాలు అలాగే ఉంచారు. గాయం లేదు, వాపు లేదు. అయినా కట్టు విప్పి చూస్తే గుజ్జు పలచబడి ఉంది, అందులో నీటిని పట్టి ఉంచే పదార్థం తగ్గి ఉంది. ఈ ఫలితం 1979లో అచ్చయింది. కీలు బాగుండాలంటే బరువు మోయాలి, కదలాలి. గుజ్జుకు రక్తనాళాలు లేవు. నొక్కుడు పడి వదిలినప్పుడు లోపలికీ బయటికీ పారే ద్రవమే దాని తిండి.

కట్టు విప్పి కుక్కను మామూలుగా తిరగనిస్తే గుజ్జు మళ్లీ కోలుకుంది. అయితే 1981లో వాళ్లే ఇంకో సంగతి బయటపెట్టారు. కట్టు విప్పగానే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించిన కుక్కల్లో ఆ కోలుకోవడం జరగలేదు. కట్టేసి ఉంచితే చెడింది, తొందరపడి పరుగెత్తిస్తేనూ చెడింది. కుక్కల ఫిజియోథెరపీలో ఇప్పుడు నేర్పే మోతాదు లెక్కలన్నీ ఈ రెండు హద్దుల మధ్య నడిచేవే.

అదే కాలంలో కెనడాలోని టొరంటోలో పిల్లల ఎముకల డాక్టర్ రాబర్ట్ సాల్టర్ కుందేళ్ల మోకాళ్లను యంత్రంతో ఆగకుండా నెమ్మదిగా ఆడించి, దెబ్బతిన్న గుజ్జు కదిలే కీలులో బాగా మానుతుందని చూపించాడు. ఇవన్నీ కలిసి మనుషుల ఆసుపత్రుల తీరు మార్చేశాయి. ఈ రోజు హన్మకొండలో ఎవరైనా మోకాలి చిప్ప మార్పించుకుంటే, నొప్పని మొత్తుకుంటున్నా వినకుండా మర్నాటికల్లా ఫిజియోథెరపిస్టు వచ్చి వాకర్ పట్టించి నిలబెడతాడు. పాఠం నేర్పింది కుక్క, లాభం మనిషిది. కుక్క మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు గొలుసుకే ఉండిపోయింది.

ఆ అప్పు తీర్చే పని అమెరికాలోని టెనెసీలో గట్టిగా మొదలైంది. ఒకరు మనుషుల ఫిజియోథెరపిస్టు డేవిడ్ లెవీన్, ఇంకొకరు పశువైద్య సర్జన్ డారిల్ మిల్లిస్. ఒకరికి కీళ్లూ కండరాలూ తెలుసు, ఒకరికి కుక్క తెలుసు. 1990లలో ఇద్దరూ కలిసి మనుషుల పద్ధతులను ఒక్కొక్కటే కుక్క మీద కొలిచి చూశారు. ఇది చెప్పినంత సులువు కాదు. మనిషి "ఇక్కడ నొప్పి" అంటాడు, కుక్క అనదు. మనిషి బరువంతా రెండు కాళ్ల మీదే ఉంటుంది, కుక్క తన బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే మోస్తుంది. వెనక కాలు నొస్తే చడీచప్పుడు లేకుండా ముందుకు వాలిపోతుంది, చూసేవాడికి కుంటు కూడా కనబడదు. అందుకే నేలలో అమర్చిన పలక మీద నడిపించి ఏ కాలు ఎంత బరువు వేస్తుందో కొలిచారు.

నీళ్లలో నడక విలువ తేలింది కూడా ఇలాంటి కొలతల్లోనే. నీళ్లు చీలమండ దాకా ఉంటే కుక్క కాళ్ల మీద 91 శాతం బరువు పడుతుంది. మోకాలి దాకా పెంచితే 85. తుంటి దాకా పెంచితే ఒక్కసారిగా 38కి దిగుతుంది. అద్దాల తొట్టిలో ట్రెడ్‌మిల్ పెట్టి నీళ్లు నింపే ఖరీదైన యంత్రం వెనకున్న రహస్యం ఇంతే. నేల మీద కాలు మోపనని మొండికేసిన కుక్క, నీళ్లలో తెలియకుండానే మోపేస్తుంది.

1999లో ఆరెగాన్‌లోని కోర్వాలిస్‌లో జంతువుల ఫిజియోథెరపీ మీద తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. 2002లో మార్సోలే బృందం తెగిన లిగమెంటుకు ఆపరేషన్ చేయించుకున్న కుక్కలను రెండు జట్లుగా చూసింది. ఒక జట్టుకు ఈత, నడక, వ్యాయామం. ఇంకో జట్టుకు పాత మంత్రమే, కదలనివ్వొద్దు. ఆరు నెలలకు మొదటి జట్టులో ఆపరేషన్ కాలూ మంచి కాలూ సమానంగా బరువు మోశాయి. రెండో జట్టులో ఆ కాలు ఇంకా వెనకబడే ఉంది. 2004లో మిల్లిస్, లెవీన్‌ల పాఠ్యగ్రంథం వచ్చింది. 2010లో అమెరికా పశువైద్య సంఘం జంతువుల ఫిజియోథెరపీని ప్రత్యేక విభాగంగా గుర్తించింది.

ఈ కథలో తరచుగా ఉదహరించే అంకెలు ఇంకో మూడున్నాయి. వెన్నుపాము క్రమంగా క్షీణించే జబ్బు జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ, దానికి మందు లేదు. 2006లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పరిశోధకులు, ఆ జబ్బు ఉందని అనుమానించిన కుక్కల్లో రోజూ గట్టిగా వ్యాయామం చేయించినవి సగటున 255 రోజులు, ఓ మోస్తరుగా చేయించినవి 130 రోజులు, అసలు చేయించనివి 55 రోజులు బతికాయని రాశారు. అంకెలు గొప్పవే, కొంచెం ఆచితూచి చదవాలి. ఆ జబ్బులో కుక్క ఆఖరి రోజును చాలాసార్లు నిర్ణయించేది యజమాని. రోజుకు ఇన్నిసార్లు కూర్చుని కాళ్లు ఆడించే మనిషి ఆ నిర్ణయాన్ని కూడా వాయిదా వేస్తాడు కదా. అయినా అంత తేడా మొత్తం ప్రేమ వల్లనే వచ్చిందనలేం.

ఇక మన వరంగల్ సంగతి. పీవీ పుట్టిన లక్నేపల్లి ఉన్న ఈ జిల్లాలోనే, ఆయన పేరిట వెలసిన తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద మామునూరులో పశువైద్య కళాశాల నడుస్తోంది. కాజీపేట నుంచి వరంగల్ చౌరస్తా దాకా ఆటోల కింద, బైకుల కింద పడే కుక్కలకు కొదవ లేదు. నీటి ట్రెడ్‌మిల్ మహానగరాల్లోని కొన్ని ప్రైవేటు క్లినిక్‌ల వైభవం. చెరువుంది కదా అని ఆపరేషన్ కుట్లున్న కుక్కను వడ్డేపల్లి చెరువులో దింపితే మోకాలి సంగతి దేవుడెరుగు, పుండు చీము పడుతుంది. కుట్లు పూర్తిగా మానేదాకా నీళ్ల మాటే వద్దు.

యంత్రం లేకపోయినా, చేతులతో చేయగలిగింది చాలా ఉంది. మొదటి శత్రువు మన ఇళ్లలోని నేలే. నున్నటి టైల్స్ మీద, గ్రానైట్ మీద బలహీనమైన వెనక కాళ్లు పక్కలకు జారిపోతాయి. ఒకసారి జారిన కుక్క ఆ గదిలో మళ్లీ అడుగు పెట్టడానికే జంకుతుంది. దీనికి విరుగుడు మన కొత్తవాడ నేతగాళ్ల మగ్గాల మీదే ఉంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీ, లేదా పాత జంపఖానా ఏదైనా, అంచులు కదలకుండా పరిస్తే గోళ్లకు పట్టు దొరుకుతుంది. రబ్బరు చాప కొనాల్సిన పని లేదు.

తరువాత తువ్వాలు. పొడవాటి తువ్వాలును పొట్ట కింద, వెనక కాళ్లకు ముందుగా పోనిచ్చి రెండు కొసలూ పైకి పట్టుకుంటే కుక్క నడుము బరువు సగం మన చేతుల్లోకి వస్తుంది. ఎత్తకూడదు, ఆసరాగా ఉంచాలి అంతే. పంజా మడతపడి పైభాగం నేలకు రాసుకుంటోందేమో చూడాలి. రాసుకుంటే చేత్తో తిప్పి అరికాలు నేలకు ఆనించాలి. నడక ఎంత నెమ్మదిగా ఉంటే అంత మంచిది. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. వేగంగా నడిపిస్తే కుక్క నొప్పి కాలు ఎత్తేసి గెంతుతూ పోగలదు. నెమ్మదిగా నడిపిస్తే ఆ దొంగాట సాగదు, నాలుగో కాలు మోపక తప్పదు.

ఎముక అతికి, డాక్టర్ ఒప్పుకున్నాక గుంజీలు. కుక్కను గోడ వారగా నిలబెట్టి, కూర్చోమని, మళ్లీ లేవమనాలి. చేతిలో బిస్కెట్ ముక్క ఉంటే చాలు. గోడ ఎందుకంటే అది నొప్పి కాలును పక్కకు చాపేసి దొంగగా కూర్చోకుండా ఆపుతుంది. లేచేటప్పుడు రెండు తొడలూ కలిసి పనిచేయాల్సి వస్తుంది. వారానికోసారి తొడ చుట్టూ ఒకే చోట దర్జీ టేపుతో కొలిచి రాసుకుంటే, కండ వస్తోందో లేదో మనసుకు కాక కాగితానికి తెలుస్తుంది.

వీధికుక్క విషయంలోనే ఇదంతా తలకిందులవుతుంది. నడుం ఎముక విరిగిన వీధికుక్కను దయగలవాళ్లు తెచ్చి వారాల తరబడి బోనులో ఉంచి బతికిస్తారు. రోజుకు మూడుసార్లు కాలు ఆడించే మనిషి మాత్రం ఎక్కడ దొరుకుతాడు? కండ కరిగిన కుక్కను తిరిగి దాని వాడకట్టులో వదిలితే, అక్కడి గుంపు ముందు అది నిలబడాలి. బతికించడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు.

మనుషుల ఫిజియోథెరపిస్టులు వచ్చి సాయం చేయవచ్చు కదా అంటే, చట్టం అడ్డుంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం జంతువులకు వైద్యం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యులదే. బ్రిటన్‌లోనూ హక్కు పశువైద్యులదే అయినా, వాళ్ల సూచన మేరకు ఫిజియోథెరపిస్టు జంతువుకు చికిత్స చేయవచ్చని 1962లోనే మినహాయింపు ఇచ్చారు. లెవీన్, మిల్లిస్‌ల లాంటి జోడీ ఇక్కడ కుదరాలంటే అలాంటి మినహాయింపో, కనీసం పశువైద్యుడి పర్యవేక్షణలో ఇద్దరూ కూర్చునే ఏర్పాటో కావాలి. మామునూరు లాంటి కళాశాల అందుకు సరైన చోటని నాకనిపిస్తుంది.

అప్పటిదాకా ఇంటివాళ్లే ఫిజియోథెరపిస్టులు. వాళ్లకు మోతాదు తెలిసే గుర్తు ఒకటుంది. ఇవాళ చేయించిన దానికి రేపు పొద్దున కుక్క ఇవాళ్టికంటే ఎక్కువ కుంటితే, చేయించింది ఎక్కువైనట్టు. మానేయకూడదు. ఆ రోజుకు విశ్రాంతి ఇచ్చి, మర్నాడు అందులో సగంతో మళ్లీ మొదలుపెట్టాలి. కాలు వాచినా, ముట్టుకుంటే కరవబోయినా, మోపుతున్న కాలు ఉన్నట్టుండి మోపడం మానేసినా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. లోపల స్క్రూ కదిలి ఉండొచ్చు.